జనరేటర్ బండి మీదే నడిపితే ఏమైతది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హన్మకొండ. విత్తనాల షాపు సరుకు కోసం కొన్న పికప్ బండి ఉంది. నిరుడు దాని మీద పఫ్ ప్యానెళ్లతో (రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలు) ఒక చిన్న గది కట్టించాను. వెనక డోరు, రెండు కిటికీలు, లోపల పడుకోవడానికి మంచాలు, ఒక టన్ను విండో ఏసీ. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. లక్నవరం, రామప్ప, బొగత, వీలైతే మేడారం కూడా ఈ బండిలోనే తిరగాలని మా కోరిక. డ్రైవర్ క్యాబిన్‌కీ గదికీ మధ్య రెండున్నర అడుగుల జాగా వదిలాం. మా బామ్మర్దికి టెంట్‌హౌస్ ఉంది. అతని 3.5 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌ను ఆ జాగాలో బోల్టులతో బిగించి, రాత్రంతా ఏసీ నడుపుకుందామని ప్లాన్. "బరాత్‌లో డీజే బండి మీద తెల్లారే దాకా నడుస్తది, మీకేమైతది" అంటాడు బామ్మర్ది. మెకానిక్ ఏమో సైలెన్సర్‌కు పైపు తగిలించి పైకి లేపుదాం అంటున్నాడు. మా అమ్మ మాత్రం బుగులు పడుతోంది. అసలు ఈ జనరేటర్ సరిపోతుందా? ఇంకా పెద్దది కొనాలా? పెట్రోలు ఎంత వెంట పెట్టుకోవాలి? (ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: ముందు లోపలికి వెళ్లి మీ అమ్మగారికి చెప్పండి, ఆమె బుగులు పడ్డది కరెక్టేనని. మిగతాది తర్వాత చదువుదురు.

జనరేటర్‌ను బండిలో తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ బండి మీద ఉండగా నడపొద్దు. దించి, నేల మీద పెట్టి, గదికి కనీసం 20 అడుగుల దూరంలో, అందరూ మేలుకుని ఉన్నప్పుడే నడపండి. పడుకునే ముందు ఆపేయండి. బోల్టులతో బిగిస్తే రోజూ దించబుద్ధి కాదు, "ఈ ఒక్క రాత్రికి ఏమైతదిలే" అనిపిస్తుంది. అందుకే బోల్టుల ఆలోచన మొదట్లోనే మానుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేనూ ఒకప్పుడు టెంట్‌హౌస్ పనిలో తిరిగినవాణ్ణే. నర్సంపేట దిక్కు ఒక పెళ్లిలో రాత్రి అకాల వర్షం పడింది. జనరేటర్ తడుస్తుందని దాని మీదుగా టార్పాలిన్ లాగి, ఆ కొసను సామాను పెట్టే రేకుల షెడ్డుకు కట్టేశాం. కట్టింది నేనే. తెల్లవారుజామున పెట్రోలు పోయడానికి వెళ్తే, షెడ్డులో బియ్యం బస్తాల మీద పడుకున్న వంటవాళ్ల పిల్లగాడు లేచి కూర్చుని తల పట్టుకున్నాడు. వాంతి చేసుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. "తాగి పండుకున్నడు" అని వంట మేస్త్రి తిట్టాడు. వాడు చుక్క ముట్టలేదు. ఇద్దరం మోసుకొచ్చి ఆరుబయట పడుకోబెట్టాం, తర్వాత దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు, మధ్యాహ్నానికి తేరుకున్నాడు. ఇప్పటికీ నాకు గుర్తుండేది ఒక్కటే. ఆ షెడ్డులో పొగ లేదు. వాసన కూడా పెద్దగా లేదు. నాకూ అంతకుముందు గంట నుంచి తలనొప్పిగా ఉంది, నిద్ర లేక అనుకున్నాను.

అది కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు పూర్తిగా మండకపోతే పుట్టే వాయువు. రంగు లేదు, వాసన లేదు. మనకు తగిలే పొగ వాసన వేరే వాటిది, అది తగల్లేదంటే ఇది లేదని కాదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఇది అతుక్కుంటుంది. మేలుకున్నవాడికి తలనొప్పి, వికారం, తూలు వస్తాయి కాబట్టి బయటికి నడుస్తాడు. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. పిల్లలకు ముందు ఎక్కుతుంది. మీరు కట్టించిన పఫ్ ప్యానెల్ గది చల్లదనం కోసం గాలి ఆడకుండా బిగించిన పెట్టె. లోపలికి వచ్చింది బయటికి పోదు. కిటికీలు మూసేస్తాం కదా అంటారేమో. కింద వైరు కోసం కొట్టిన బొక్క, డోరు రబ్బరు, ప్యానెళ్ల సందులు, విండో ఏసీకి బయటి గాలి లాగే వెంట్ మీట, ఇన్ని దారులున్నాయి.

ఇక మీ బామ్మర్ది మాట. డీజే బండి మీద జనరేటర్ నడుస్తుంది, నిజమే. నేనే ఎన్ని బరాత్‌లకు పంపానో లెక్క లేదు. కానీ ఆ బండి మీద మంచం ఉందా? అది పైన ఏమీ లేని తెరిచిన బండి. దాని వెనక నాలుగడుగుల్లో తలుపు వేసుకుని ఎవరూ పడుకోరు. పెళ్లికొడుకు ముందు ఎగిరేవాళ్లంతా రోడ్డు మీద, ఆరుబయట. పైగా దాని పక్కనే ఒక మనిషి నిలబడి ఉంటాడు, మోత మారితే చాలు చూసుకుంటాడు. మీ గదిలో అందరూ పడుకున్నాక ఆ మనిషి ఎవరు?

నడిచే బండిలోనైనా పర్వాలేదేమో అనుకోకండి. పెట్టె ఆకారంలో ఉన్న బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, పొగ వెనకనుంచి తిరిగి లోపలికి గుంజుకుపోతుంది. వెనక డోరు తెరుచుకుని వెళ్లే వ్యాన్‌లో కూర్చుంటే మొహానికి దుమ్ము కొట్టేది అందుకే.

మెకానిక్ చెప్పిన పైపు సంగతి. మెకానిక్ మంచివాడే కావచ్చు, కానీ చిన్న జనరేటర్ సైలెన్సర్‌ను అంత పొడవు పైపు కోసం తయారుచేయరు. ఆ పైపు బరువు, బండి అదురు కలిసి జాయింటు దగ్గర వెల్డింగ్ విడిపోతుంది. సరిగ్గా గది గోడ పక్కన సన్నటి పగులు వస్తుంది. పైన పొగ కనబడుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. పైగా ఇవి గాలితో చల్లబడే ఇంజన్లు. ఒక పక్క చల్లగాలి పీల్చి, ఇంకో పక్క వేడిగాలి వదలాలి. రెండున్నర అడుగుల సందులో వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది. రామగుండం, మంచిర్యాల ఎండల్లో అయితే చెప్పక్కర్లేదు, అరగంటలో గసపెడుతుంది. ఆ వేడి మీద ట్యాంకు మూత తీసి పెట్రోలు పోశారంటే ఆవిరి నేరుగా సైలెన్సర్ మీదికి పోతుంది.

కాబట్టి ఆ సందును జనరేటర్ ప్రయాణం చేసే చోటుగా మాత్రమే వాడుకోండి. ఆపి పూర్తిగా చల్లారాక ఎక్కించండి. పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు వదిలే కుళాయి) మూయండి. నిలువుగానే ఉంచాలి, పక్కకు పడుకోబెడితే ఇంజన్ ఆయిల్ సిలిండర్‌లోకి ఎక్కి మర్నాడు స్టార్ట్ కాదు. కింద రబ్బరు మ్యాట్ వేసి, రెండు లోడ్ బెల్టులు వేరు వేరు దిక్కులకు బిగించండి. తాడు వద్దు, పస్రా దాటాక మేడారం రోడ్డు అదుర్లకు తాడు సాగుతుంది. దించడానికి ఇద్దరు కావాలి, రోజూ మీరూ మీ ఆవిడా ఎత్తగలరో లేదో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి. నడుము పట్టేశాక లక్నవరం ఏం చూస్తారు.

పెట్రోలు గురించి. చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల వరకు లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు, తీసుకెళ్లవచ్చు. అది 1934 నాటి పెట్రోలియం చట్టంలోని మాట. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు, మూత గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ క్యాన్ ఊసు అందులో లేదు. కాబట్టి మంచి ఇనుప జెర్రీక్యాన్ ఒకటి, 10 లీటర్లది చాలు. దారిలో ములుగులోనూ ఏటూరునాగారంలోనూ బంకులు ఉన్నాయి, ఎడారికి పోవడం లేదు. బంకులో క్యాన్ నింపేటప్పుడు బండిలోనే ఉంచి పోయించుకోకండి, దించి నేల మీద పెట్టండి. పికప్ అడుగున వేసే ప్లాస్టిక్ లైనర్ మీద క్యాన్ ఉంటే పెట్రోలు పారేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు నేలలోకి పోయే దారి ఉండదు, నాజిల్ దగ్గరికి రాగానే చిటుక్కుమంటుంది. ఆ ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంకో సంగతి, క్యాన్‌ను గదిలో పెట్టొద్దు. మంచం కింద ఖాళీ ఉంది కదా అని అసలే పెట్టొద్దు.

ఇప్పుడు సైజు. పెద్దది కొనాలా అని అడిగారు. కొనకండి. నాకు తెలిసి మీకు ఉన్నది కూడా ఎక్కువే. ఒక టన్ను మామూలు ఏసీ నడుస్తున్నప్పుడు 1,000 నుంచి 1,200 వాట్లు తీసుకుంటుంది, కానీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు గుంజుతుంది. 3.5 కేవీఏ అందుకే అవసరమనిపిస్తుంది. ప్లేటు మీద గరిష్ఠం, రేటెడ్ అని రెండు అంకెలు ఉంటాయి, చిన్న అంకెనే నమ్మండి. మోటారు లోడు ఉంటే అందులోంచి ఐదో వంతు తీసేయండి. ఏసీ నడుస్తుండగా మీ అమ్మగారు అల్లం పచ్చడికి మిక్సీ వేశారో, ఎవరో కెటిల్ పెట్టారో, ఠక్కున ఆగుతుంది. ఇండక్షన్ పొయ్యి మాట ఎత్తకండి, అది ఒక్కటే 2,000 వాట్లు. వంటకు 5 కిలోల గ్యాస్ సిలిండర్, అదీ బయట చెట్టు కింద.

మామూలు టెంట్‌హౌస్ జనరేటర్ 50 హెర్ట్జ్ కోసం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. మీరు ఒక్క బల్బు వేసినా అదే మోత, లోడు తగ్గినంతగా తాగుడు తగ్గదు. ఇన్వర్టర్ జనరేటర్ అనేవి వేరే ఉన్నాయి, లోడు తగ్గితే ఇంజన్ నెమ్మదిస్తుంది. ధర ఎక్కువ, కానీ మోత తక్కువ, పెట్రోలు తక్కువ, ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ మంచి కరెంటు.

ఏసీనే పట్టుకుని కూర్చుంటే ఎనిమిది గంటల రాత్రికి ఏడెనిమిది లీటర్ల పెట్రోలు. లీటరు వంద దాటి ఎన్నాళ్లయింది? ఒక్క రాత్రికి 700, 800 రూపాయల పైమాటే, మోత ఫ్రీ. ఆ డబ్బుతో ఇంకో పని చేయండి. 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, 50 యాంపుల ఛార్జర్ ఒకటి కొనండి. ఆ బ్యాటరీలో ఒకటింబావు యూనిట్, అంటే 1,250 వాట్ అవర్ల పైన కరెంటు పడుతుంది. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే రకం) ఫ్యాన్ ఒక్కోటి 30 వాట్లు. రెండు ఫ్యాన్లు తొమ్మిది గంటలు నడిస్తే 540 వాట్ అవర్లు, లైట్లు, ఫోన్లు కలిపి 700 అనుకోండి. సగానికి కాస్త ఎక్కువ. రాత్రంతా చప్పుడు లేకుండా గడిచిపోతుంది. ఛార్జర్ 700 వాట్లకు అటూఇటూ తీసుకుంటుంది కాబట్టి సాయంత్రం రెండు గంటలు జనరేటర్ నడిపితే చాలు, బ్యాటరీ నిండుతుంది. అంటే 1 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్, ఒక చేత్తో ఎత్తేది, మీ లెక్కకు సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్న పాత యాసిడ్ బ్యాటరీ వేద్దామని ఆలోచన వస్తుంది. వద్దు. దానిలోకి రెండు గంటల్లో ఎక్కేది చాలా తక్కువ, నిండడానికి ఒక పూట పడుతుంది. పైగా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, యాసిడ్ తొణుకుతుంది.

ఏసీ కావాలనుకుంటే 1 కేవీఏది చాలదు, పిల్లలు పడుకునే ముందు, ఎనిమిది నుంచి పది దాకా బామ్మర్ది జనరేటర్ మీద నడిపి గదిని చల్లబరచండి. తర్వాత ఆపేసి, కిటికీలకు జాలీ వేసి ఫ్యాన్. ములుగు ఏజెన్సీలో దోమలకు జాలీ ఎలాగూ తప్పదు, మలేరియా ప్రాంతం. నన్నడిగితే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఆ రోజుల్లో లక్నవరం గట్టు మీద రాత్రి దుప్పటి వెతుక్కుంటారు తప్ప ఏసీ కాదు. ఎండాకాలంలో మన వరంగల్ వాళ్లంతా బతికేది కూలర్ మీదే కదా, చిన్నది 150 వాట్లు. పొడి ఎండలో, కిటికీ తెరిచి, అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

వైరింగ్ దగ్గర ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, నా మాట చదివి మీరే చేయకండి. అతనికి రెండు విషయాలు చెప్పండి. ఒకటి, చిన్న జనరేటర్లలో చాలా వాటికి న్యూట్రల్‌కూ ఫ్రేముకూ సంబంధం ఉండదు. బండి రబ్బరు టైర్ల మీద ఉంటుంది, నేలతో సంబంధం దానికీ లేదు. ఆ స్థితిలో గదిలో పెట్టిన ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కత్తిరించే స్విచ్) షాక్ కొట్టినప్పుడు పడాల్సినట్టు పడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, అందుకే చాలామంది మోసపోతారు. జనరేటర్ వైపు ఒకే ఒక్క చోట న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపి, గది ఇనుప చట్రాన్ని కూడా ఆ ఎర్త్ వైరుకు కట్టి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టమనండి. రెండోది, ఎక్కడైనా రిసార్టులోనో బంధువుల ఇంట్లోనో లైను దొరికితే దాన్ని, జనరేటర్‌ను ఒకేసారి తగిలించే వీలు లేకుండా చేంజోవర్ స్విచ్ ఉండాలి. రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరు తయారుచేయించుకునే తెలివి మన టెంట్‌హౌస్‌లలో బాగా ఉంది. బామ్మర్దిని అడిగి చూడండి, ఆయన దగ్గర కూడా ఒకటి ఉంటుంది. ఒక కొస తగిలిస్తే రెండో కొస పిన్నుల్లో కరెంటు ఉంటుంది, దాన్ని కత్తిరించి పారేయండి.

20 అడుగుల దూరం నుంచి రావాలి కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్, 10 మీటర్లు తీసుకోండి. మిగిలిన వైరు అందంగా చుట్ట చుట్టి పెట్టొద్దు. ఏసీ నడుస్తుండగా చుట్ట లోపలి వరసలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తీసి చూస్తే జంతికలా ఉంటుంది, నేను చూశాను. పరిచేయండి.

జనరేటర్ పెట్టేటప్పుడు సైలెన్సర్ ముఖం మీ గదికి అటువైపు ఉండాలి, గాలి మీ వైపు నుంచి అటు వీచాలి. అటు పక్కవాళ్ల టెంటు ఉంటే వాళ్లకూ 20 అడుగులు వదలాలి. ఫిబ్రవరి దాటితే తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో టేకాకు మోకాలి లోతు రాలి ఉంటుంది. సైలెన్సర్ కింద ఒక్క ఎండాకు ఉన్నా ఊరుకోవద్దు, నాలుగడుగులు ఊడ్చి, నీళ్లు చల్లి పెట్టండి. అభయారణ్యం లోపల రాత్రి బండి ఆపి ఉండటం మన ఇష్టం కాదు, అటవీ శాఖ అనుమతి కావాలి. ముల్లకట్ట వంతెన దాటి బొగతకు పగలు వెళ్లి, రాత్రికి ఊళ్లోకి వచ్చేయండి. ఎక్కడున్నా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మోత ఉండకూడదు, చట్టం కూడా ఆ వేళలనే రాత్రి అంటుంది.

మేడారం జాతర సంగతి వేరు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే ఆ నాలుగు రోజుల్లో 20 అడుగుల ఖాళీ జాగా మీకు దొరకదు. గుడారానికి గుడారం ఆనుకుని ఉంటుంది, మధ్యలో కట్టెల పొయ్యిలు. అందుకని అక్కడ జనరేటర్ అసలు స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ మీదే ఉండండి. మా తాతల కాలంలో ఇదే దారిన కచ్చురం బండ్లు కట్టుకుని, నాలుగు రోజులకు సరిపడా బియ్యం, చింతపండు వేసుకుని పోయేవాళ్లు. ఎడ్లను చెట్టుకు కట్టి బండి కిందే పండుకునేవాళ్లు. మీ క్యాంపర్ అనేది మనకు కొత్తేం కాదు.

ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి, బ్యాటరీతో నడిచేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మంచం పక్కన తల ఎత్తులో తగిలించండి. మీరు జనరేటర్ ఆపేసినా పక్కవాడిది నడుస్తుండొచ్చు. అది మోగినా, ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, కారణం వెతుక్కుంటూ లోపల కూర్చోకండి. అందరినీ బయటికి లాగి, 108కి ఫోన్ చేయండి.

మీరు అడగని మాట ఒకటి. ఆర్సీలో మీ బండి ఇంకా గూడ్స్ అనే ఉండి ఉంటుంది. దాని మీద గది కట్టడం మార్పు కిందికే వస్తుంది, ఆర్టీఏ ఆఫీసులో నమోదు చేయించాలి. చేయించకపోతే ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లకు అదే సాకు. బండి నడుస్తున్నప్పుడు వెనక గదిలో ఎవరినీ కూర్చోబెట్టకండి. ముందు సీట్లో ఐదుగురు పట్టరు కాబట్టి అమ్మగారూ పిల్లలూ వెనక కారులోనో బస్సులోనో రావాల్సిందే. ఇది మీకు నచ్చదని తెలుసు.

బామ్మర్ది జనరేటర్‌తోనే ఈసారికి కానిచ్చేస్తాం అంటే కానివ్వండి, దించి నడిపినంత కాలం నాకు పేచీ లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి ఇవ్వండి. కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుంటే జిగురు కడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో, అదీ బరాత్ బయల్దేరే టైముకు, అది స్టార్ట్ కాకపోతే తిట్లు మీకే.